కపాలం దాటిన వ్యాధి: మెదడు కణితి, రక్తంలోని రక్షక కణాలు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడే గౌరవాన్ని నాకు కలిగించిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా చేరి, 1948లో అక్కడే కన్నుమూసిన ఆ శాస్త్రవేత్త పేరు మీద ప్రసంగించేవారికి ఒక బాధ్యత ఉంటుంది. ప్రయోగశాలలో తేలిన సత్యం రోగి మంచం దాకా చేరాలన్నది ఆయన జీవితమంతా చేసి చూపిన పని. నేటి ప్రసంగం కూడా ఆ దారిలోనే నడవాలని నా కోరిక.

సుబ్బారావు గారి పరిశోధనలో ఒక ముఖ్యమైన పాయ రక్తకణాల చుట్టూ సాగింది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ అక్కడే రూపొందించారు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ మెదడులో తలెత్తే లింఫోమాకు మూలాధారమైన మందు. ఆ లింఫోమా పుట్టేది లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల నుంచి. రక్తంలోని కణానికీ మెదడులోని కణితికీ ఉన్న బంధాన్ని నేటి విషయంగా ఎంచుకోవడానికి నన్ను ప్రేరేపించింది ఇదే.

ఈ సాయంత్రం మీ ముందు ఉంచదలచిన ప్రతిపాదన ఒక్కటే. మెదడు కణితిని మనం చాలాకాలంగా కపాలం లోపలి వ్యాధిగానే చూస్తూ వచ్చాం. నిజానికి అది ఒంట్లోని రక్షణ వ్యవస్థనంతటినీ పట్టి కుదిపే వ్యాధి. కణితి ఎంత మిగిలిందో స్కానింగులో ఎంత శ్రద్ధగా చూస్తామో, రోగి రక్తంలో లింఫోసైట్లు ఎన్ని మిగిలాయో అంతే శ్రద్ధగా చూడాలి. వాటిని కాపాడడం చికిత్సలో భాగం కావాలి.

ముందుగా వ్యాధి గురించి. మెదడులోనే పుట్టే కణితులు ఎన్నో రకాలు. వాటిలో పెద్దవారికి వచ్చే గ్లియోబ్లాస్టోమా అత్యంత ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దానిది నాలుగో గ్రేడు, అంటే చివరి మెట్టు. శస్త్రచికిత్సతో తీయగలిగినంత తీసి, ఆపై రేడియేషన్ ఇవ్వడం దీర్ఘకాలంగా కొనసాగుతూ వచ్చిన పద్ధతి. దానికి టెమోజొలోమైడ్ మాత్రలను జోడిస్తే మేలని 2005లో రోజర్ స్టుప్ బృందం నిరూపించింది. 573 మంది పాల్గొన్న ఆ పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండేళ్లు దాటి బతికినవారి శాతం 10.4 నుంచి 26.5కు చేరింది. ఇది నిజమైన ముందడుగే. అయితే రెండు దశాబ్దాల తరువాత కూడా చికిత్సకు పునాది అదే. ఇతర క్యాన్సర్లలో రోగనిరోధక చికిత్స చరిత్రను మార్చిన ఈ కాలంలో గ్లియోబ్లాస్టోమా మాత్రం ఎందుకు లొంగలేదు? జవాబు కోసం నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ దగ్గర మొదలుపెట్టడం సమంజసం. తెల్ల రక్తకణాలకు రంగులద్ది, వాటిని రకాలుగా విడదీసి చూపింది ఆయనే. జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించినప్పుడు అవయవాలన్నీ రంగు పట్టాయనీ, మెదడు మాత్రం పట్టలేదనీ 1885లో గమనించిందీ ఆయనే. శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అలాంటి రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తే మెదడు రంగు పట్టింది, మిగతా శరీరం పట్టలేదు. రక్తానికీ మెదడుకూ నడుమ ఒక అడ్డుగోడ ఉందన్న భావన ఈ ప్రయోగాల నుంచి బలపడింది. రక్తకణాల శాస్త్రమూ, మెదడును రక్తం నుంచి వేరుచేసి చూసే ఆలోచనా ఒకే ప్రయోగశాల పరంపరలో పుట్టాయి. ఆ తరువాత చాలాకాలం అవి ఎవరి దారిన అవి నడిచాయి.

1923లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో జేమ్స్ మర్ఫీ, ఎర్నెస్ట్ స్టర్మ్ ఒక అపురూపమైన ప్రయోగం చేశారు. చిట్టెలుక కణితిని పెద్ద ఎలుక చర్మం కింద నాటితే ఆ శరీరం దాన్ని తిరస్కరిస్తుంది. మెదడులో నాటితే అది పెరిగింది. కణితితో పాటు ఆ పెద్ద ఎలుక ప్లీహంలోని చిన్న ముక్కను కూడా మెదడులో ఉంచితే మాత్రం కణితి నిలవలేదు. ప్లీహం లింఫోసైట్లకు నిలయం. మెదడులో లోపించింది ఏమిటో, అందిస్తే ఏం జరుగుతుందో ఆ ప్రయోగం అప్పుడే చెప్పింది.

1948లో పీటర్ మెడవార్ కుందేళ్ల మెదడులో పరాయి చర్మపు తునకలను నాటాడు. అవి ఇతర చోట్ల నాటిన తునకల్లా నిరోధాన్ని రేపలేదు. అయితే అంతకుముందే ఒంటి మీద అదే దాత చర్మాన్ని అతికించి నిరోధశక్తిని మేల్కొలిపిన కుందేళ్లలో, మెదడులోని తునక కూడా నశించింది. ఈ ఫలితంలో రెండు భాగాలున్నాయి. మెదడులో నిరోధం తానుగా మొదలవడం కష్టం అన్నది మొదటిది. శరీరంలో మరోచోట మేల్కొన్న లింఫోసైట్లు మెదడులోకి వచ్చి పని చేయగలవు అన్నది రెండోది. పాఠ్యపుస్తకాలు మొదటి భాగాన్ని పట్టుకుని, మెదడు రోగనిరోధక వ్యవస్థకు అందని ప్రత్యేక ప్రాంతమని ప్రకటించాయి. రెండో భాగం మరుగున పడింది. కొన్ని తరాల వైద్యుల దృష్టిని ఈ సగం పాఠమే నిర్ణయించింది.

ఇదే కాలంలో సూక్ష్మదర్శిని మరో సత్యాన్ని చూపుతూనే ఉంది. స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా 1919లో మెదడులోని మైక్రోగ్లియా కణాలను గుర్తించాడు. 1925లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ గ్లియోమా కణితుల లోపల ఈ భక్షక కణాలను వర్ణించాడు. గ్లియోబ్లాస్టోమాలో మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు కలిసి మూడోవంతు నుంచి సగం దాకా ఉండవచ్చని నేడు తెలుసు. మాక్రోఫేజ్‌లలో ఎక్కువ భాగం రక్తంలోని మోనోసైట్ల నుంచి వచ్చినవే. అవి కణితిని మింగడానికి వచ్చి, కణితి స్రవించే రసాయనాల ప్రభావంలో పడి, దానికే తోడ్పడతాయి. కొత్త రక్తనాళాలు మొలవడానికి సాయపడతాయి, టి కణాలనే లింఫోసైట్లను అణచివేస్తాయి. శస్త్రవైద్యుడు తీసే ముద్దలో గణనీయమైన భాగం రక్తం నుంచి వలస వచ్చిన రోగి సొంత రక్షక కణాలదే.

ఇక రక్తం వైపు చూద్దాం. 1972లో విలియం బ్రూక్స్, సహచరులు ఒక ముఖ్యమైన పరిశీలన ప్రచురించారు. మెదడులో కణితి ఉన్నవారి లింఫోసైట్లను ప్రేరేపిస్తే అవి సరిగా స్పందించలేదు. వారి రక్తంలోని సీరాన్ని ఆరోగ్యవంతుల లింఫోసైట్లకు తగిలిస్తే అవి కూడా మందగించాయి. కపాలం లోపలి కణితి దూరాన ఉన్న రక్తకణాలను నిద్రపుచ్చుతోందన్నమాట. 1980లలో స్విట్జర్లండ్‌లో అడ్రియానో ఫోంటానా బృందం గ్లియోబ్లాస్టోమా కణాలు స్రవించే అణచివేత పదార్థాన్ని పట్టుకుంది. దాన్నే నేడు టీజీఎఫ్-బీటా 2 అంటున్నాం. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక పొరను విప్పారు. ఈ రోగుల రక్తంలో సీడీ4 అనే రకం టి కణాల సంఖ్య తగ్గుతుంది. మిగిలిన వాటిలోనేమో, తోటి కణాలను అదుపు చేసే నియంత్రక టి కణాల వాటా పెరుగుతుంది.

అయితే తగ్గిన టి కణాలు ఎక్కడికి పోయాయి? 2018లో డ్యూక్ శాస్త్రవేత్తలే దీనికి జవాబు చెప్పారు. అవన్నీ చనిపోలేదు. చాలావరకు ఎముక మజ్జలో చిక్కుకున్నాయి. టి కణం మజ్జ నుంచి, లింఫ్ గ్రంథుల నుంచి రక్తంలోకి రావాలంటే దాని పైపొర మీద ఎస్1పీ1 అనే గ్రాహకం ఉండాలి. ఈ రోగుల టి కణాలు ఆ గ్రాహకాన్ని పైపొర మీది నుంచి లోపలికి లాక్కున్నాయి. ఇంకా ఏ చికిత్సా మొదలుకాని కొందరు రోగుల్లో కూడా సీడీ4 సంఖ్య ఎయిడ్స్‌లో కనిపించే స్థాయికి పడిపోయింది. ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం మరొకటుంది. ఎలుకల్లో రొమ్ము, ఊపిరితిత్తి, చర్మ క్యాన్సర్ కణాలను మెదడులో నాటినా టి కణాలు మజ్జలో చిక్కుకున్నాయి. అవే కణాలను ఒంటి మీద మరోచోట నాటితే అలా జరగలేదు. దోషం ఒక్క కణితిది మాత్రమే కాదు, అది కూర్చున్న చోటుది కూడా. మెదడులో ప్రమాదం తలెత్తినప్పుడు రక్షక కణాలను ఆపిఉంచే స్వభావం శరీరంలోనే ఉంది. కణితి దాన్ని వాడుకుంటోంది.

ఇప్పటిదాకా వ్యాధి చేసే హాని చెప్పాను. మన చికిత్స చేసే హానిని కూడా ఈ వేదిక మీద నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. కణితి చుట్టూ వచ్చే వాపు ప్రాణాలు తీస్తుంది. 1961లో మిన్నెసోటాలో గాలిసిచ్, ఫ్రెంచ్ అనే వైద్యులు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌తో ఆ వాపు తగ్గుతుందని చూపారు. అది ఎన్నో ప్రాణాలు నిలిపింది, నేటికీ నిలుపుతోంది. కానీ అదే మందు లింఫోసైట్లను చంపుతుంది, బతికిన వాటిని మందగింపజేస్తుంది. టెమోజొలోమైడ్ కూడా లింఫోసైట్లను తగ్గిస్తుంది.

మూడోది మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్. కిరణాలు పడేది తల మీదే కదా, ఒళ్లంతా తిరిగే రక్తానికి ఏమవుతుందని అనిపించవచ్చు. వంతెన నీడ ఒక్కచోటే ఉంటుంది. ఏటి నీరంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ నీడలోంచి సాగిపోవలసిందే. 2013లో ప్రచురితమైన ఒక గణిత నమూనా ఈ సంగతిని లెక్కగట్టింది. సాధారణ ప్రణాళిక ప్రకారం 30 విడతల్లో 60 గ్రేల రేడియేషన్ ఇస్తే, ముగిసేనాటికి ప్రవహించే రక్తంలో 99 శాతానికి కనీసం 0.5 గ్రే సోకుతుంది. రేడియేషన్‌కు లింఫోసైట్లు అత్యంత సున్నితమైనవి. చిన్న మోతాదు కూడా వాటికి పెద్దదే.

ఈ దెబ్బలన్నీ కలిస్తే ఏమవుతుందో 2011లో స్టువర్ట్ గ్రాస్‌మన్ బృందం చూపింది. 96 మంది రోగుల్లో చికిత్సకు ముందు సీడీ4 మధ్యస్థ సంఖ్య ఘనపు మిల్లీమీటరుకు 664. రెండు నెలలకు 40 శాతం మందిలో అది 200 కంటే దిగువకు పడింది. హెచ్‌ఐవీ చికిత్సలో 200 అనే అంకె ఎంతటి హెచ్చరికో ఈ సభలోని వైద్యులకు చెప్పనక్కర్లేదు. అలా పడినవారి మధ్యస్థ జీవితకాలం 13.1 నెలలు; పడనివారిది 19.7 నెలలు. తగ్గినవారి మరణాలకు ప్రధాన కారణం అంటువ్యాధులు కావు, కణితి తిరిగి పెరగడమే. రక్తంలోని కణాలకూ మెదడులోని కణితి గమనానికీ సంబంధం ఉందనడానికి ఇంతకంటే బలమైన సూచన ఏముంటుంది?

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా పరిశీలించాలి. లింఫోసైట్లు తగ్గడం వల్ల రోగి త్వరగా క్షీణిస్తున్నాడా, లేక పెద్ద కణితి, ఎక్కువ స్టెరాయిడ్ అవసరం ఉన్నవారిలోనే అవి తగ్గుతున్నాయా? పరిశీలన మీద ఆధారపడిన అధ్యయనం ఒక్కటే ఈ చిక్కును విప్పలేదు. మెదడులో నిరోధశక్తి విజృంభిస్తే వాపు పెరిగి ప్రాణాపాయం రావచ్చన్నదీ నిజమే. కపాలంలో ఖాళీ ఉండదు. శరీరం మెదడును తన సొంత సైన్యం నుంచి కూడా కాపాడుకుంటుంది. అందువల్ల నా ప్రతిపాదన లింఫోసైట్లను విచక్షణ లేకుండా రెచ్చగొట్టమని కాదు. చేతిలో ఉన్నవాటిని అనవసరంగా పోగొట్టవద్దని.

గత పదేళ్ల ప్రయోగాలు ఈ ప్రతిపాదనకు ఊతమిస్తున్నాయి. చర్మ, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో అద్భుతాలు చేసిన నివోలుమాబ్‌ను తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాలో 369 మందితో పరీక్షించారు. 2020లో వెలువడిన ఫలితం నిరాశ మిగిల్చింది: మధ్యస్థ జీవితకాలం నివోలుమాబ్‌తో 9.8 నెలలు, పోల్చిన మందుతో 10 నెలలు. టి కణానికి వేసిన కళ్లెం విప్పడం ఈ మందు పని. విప్పడానికి ముందు ఆ కణం అంటూ ఉండాలి కదా! 2019లో అదే జాతి మందు పెంబ్రొలిజుమాబ్‌ను 35 మందితో జరిపిన చిన్న పరీక్షలో రెండు విధాలుగా వాడి చూశారు. శస్త్రచికిత్సకు ముందే మొదలుపెట్టినవారు, తరువాత మాత్రమే తీసుకున్నవారి కంటే ఎక్కువకాలం బతికారు. సంఖ్య చిన్నది, నిర్ధారణ కావాలి. కానీ ఏ మందు ఇచ్చామన్నదే కాక, టి కణాలు ఏ స్థితిలో ఉండగా ఇచ్చామన్నదీ ముఖ్యమని అది సూచించింది. అదే ఏడాది, ప్రతి రోగి కణితికీ విడిగా తయారుచేసిన టీకాను పరీక్షించారు. డెక్సామెథాసోన్ తీసుకోని రోగుల్లో ఆ టీకా టి కణాలను మేల్కొలిపింది, అవి రక్తం నుంచి కణితిలోకి చేరాయి కూడా. ఆ మందు వాడుతున్నవారిలో అలాంటి స్పందన రాలేదు.

రోగి రక్తం నుంచి టి కణాలను తీసి, కణితిని గుర్తుపట్టే గ్రాహకాన్ని వాటికి అమర్చి తిరిగి ఇచ్చే కార్-టి చికిత్స మరో మార్గం. 2016లో కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ వైద్యులు ఒక రోగిలో మెదడు, వెన్నుపాము కణితులు కరిగిపోయి ఏడున్నర నెలలు తిరిగి రాలేదని నివేదించారు. 2024లో బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ముగ్గురికి ఇలాంటి కణాలను నేరుగా మెదడు ద్రవంలోకి ఇస్తే, కొద్ది రోజుల్లోనే కణితులు గణనీయంగా తగ్గాయి. ఇద్దరిలో ఆ మేలు ఎంతోకాలం నిలవలేదు. అయినా రక్తంలోని టి కణం మెదడు కణితిని కరిగించగలదా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఇక మిగిలింది ఆ ఫలితాన్ని నిలబెట్టే విద్య.

శరీర నిర్మాణ శాస్త్రం కూడా తన పాత పాఠాన్ని సవరించుకుంటోంది. మెదడు పొరల్లో లింఫ్ నాళాలున్నాయని 2015లో వర్జీనియా, హెల్సింకీ బృందాలు విడివిడిగా చూపాయి. 2018లో కపాలపు ఎముక మజ్జ నుంచి మెదడు పొరలకు సూక్ష్మమైన కాలువలున్నాయని తేలింది. 2024లో జర్మనీలోని ఎసెన్ పరిశోధకులు, గ్లియోబ్లాస్టోమాకు దగ్గరగా ఉన్న కపాలపు మజ్జలో కణితి మీద పనిచేయగల సీడీ8 టి కణాలు గుమికూడి ఉన్నాయని గుర్తించారు. శస్త్రచికిత్స కోసం కోసే ఎముక, రేడియేషన్ దారిలో పడే ఎముక కూడా రక్షణ వ్యవస్థలో భాగమేనన్నమాట. మెదడుకూ రక్తానికీ మధ్య గోడ ఉన్నమాట నిజమే. ఆ గోడకు కాపలా ఉన్న ద్వారాలున్నాయన్నదీ అంతే నిజం.

ఈ విజ్ఞానం మన తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో దేనికి పనికొస్తుంది? కార్-టి వంటివి అందరికీ అందడానికి సమయం పడుతుంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి లభించడం గర్వకారణం. అది రక్త సంబంధ క్యాన్సర్లకు ఉద్దేశించినది. మెదడు కణితికి కాదు. కానీ ఆ విద్య మన నేల మీద వేరూనిందన్నది పెద్ద భరోసా. అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో కూడా దొరికే మామూలు రక్తపరీక్షలోనే లింఫోసైట్ల సంఖ్య ఉంటుంది. మెదడు కణితి రోగికి ఆ పరీక్ష ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎలాగూ చేస్తూనే ఉంటాం. అదే కాగితం మీద ఉన్న లింఫోసైట్ల అంకెను చదవకుండా పక్కన పెడుతున్నాం.

వైద్య మిత్రులకు నా విన్నపాలు ఇవి. రోగ నిర్ధారణ నాడు, రేడియేషన్ ముగిసిన నాడు, ఆపై ప్రతి విడతలో లింఫోసైట్ల సంఖ్యను కేస్ షీటులో రాయండి. స్టెరాయిడ్‌ను అవసరమైనంత మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడి, క్రమంగా తగ్గించండి. రోగులూ వారి బంధువులూ మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. లింఫోసైట్లు బాగా తగ్గినవారికి న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా ముందుజాగ్రత్త మందు ఇవ్వండి. హెపటైటిస్-బి పరీక్షను చికిత్సకు ముందే చేయించండి. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగోవంతు మంది ఉన్న దేశం మనది, ఆ అనుమానం ఎప్పుడూ మనసులో ఉండాలి. రేడియేషన్ ప్రణాళిక వేసేవారు అవసరం లేని రక్తనాళాలకూ ఎముకకూ కిరణాలు తగలకుండా వీలైనంత తప్పించండి. రోగనిరోధక శక్తిని పెంచుతామంటూ అమ్మే పొడుల మీద, కషాయాల మీద పేద కుటుంబాలు ఉన్న కాస్త డబ్బూ తగలేయకుండా ఓపికగా నచ్చజెప్పండి.

పరిశోధకులకు, పాలకులకు మరొక విన్నపం. ఇంతసేపూ చెప్పిన అంకెలు చాలావరకు అమెరికా, యూరప్ రోగులవి. మన రోగుల పోషణ వేరు, చిన్ననాటి నుంచి సోకే అంటువ్యాధులు వేరు, ఆసుపత్రికి చేరే దశ వేరు. వారి లింఫోసైట్లు ఏ స్థితిలో ఉన్నాయో మన రక్త నమూనాలే చెప్పాలి. శస్త్రచికిత్స జరిగే ప్రతి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో రోగి అంగీకారంతో కణితి తునకనూ, అదే రోజు తీసిన రక్తాన్నీ కలిపి భద్రపరిచే ఏర్పాటు చేయండి. అందుకు కావలసినవి శీతల పేటికలు, శిక్షణ పొందిన కొద్దిమంది సిబ్బంది, క్రమశిక్షణ. ఈ సభలో ఉన్న యువ వైద్యుల్లో ఏ ఒక్కరైనా రేపటి నుంచి తమ వార్డులోని మెదడు కణితి రోగుల లింఫోసైట్ల లెక్కను ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. అయిదేళ్లకు అది మన రోగుల గురించి మనమే రాసుకున్న మొదటి పాఠం అవుతుంది. ఆ పని చేయమని మిమ్మల్ని చేతులు జోడించి కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.